పక్క వరసలో సుడులు

అక్టోబరు 9

ఈ పుస్తకం నా నడుం పట్టేసిన ఏడాది కొన్నాను. సగం ఖాళీగా మిగిలిపోయింది. మంచి కాగితం, పారెయ్యబుద్ధి కాలేదు. అందుకే మళ్లీ మొదలుపెడుతున్నాను, వేరే కారణమేమీ లేదు. నడుం బాగుంది, నిద్ర బాగుంది, ఆకలి మరీ బాగుంది.

వచ్చే ఏడాది కాదు, ఆపై వేసవిలో ఒలింపిక్స్. ఆడవాళ్ల ఒంటి పడవ పందేనికి ఒక్కో దేశం నుంచి ఒక్కరే వెళ్తారు. మా దేశం నుంచి వెళ్లేది నేను. ఆరేళ్లుగా నేనే. పోయినసారి నాలుగోదాన్నయ్యాను. నాలుగో మనిషికి మెడలో ఏమీ వెయ్యరు. ఇంటికొచ్చాక మా అమ్మ, "పోన్లేవే, వానైనా పడలేదు కదా అక్కడ" అంది. ఈసారికి నాకు ముప్పై మూడు వస్తాయి. ఆ తర్వాత ఇంకోసారి ఉండదని నాకు తెలుసు, ఎవెర్ట్‌కి తెలుసు, నా నడుముకి అందరికంటే బాగా తెలుసు.

ఎవెర్ట్ నా కోచ్. నేను ఆమ్స్టెల్ నదిలో తెడ్లు వేస్తుంటే ఆయన గట్టు మీద సైకిల్ తొక్కుతూ, ఒక చేత్తో మైకు పట్టుకుని అరుస్తుంటాడు. ఇవాళ వెంట ఒక పిల్లని తెచ్చాడు.

"డ్యూకె, ఈమె హిస్కె. టెర్‌స్కెల్లింగ్ దీవి నుంచి వచ్చింది. సముద్రంలో బరువు పడవల మీద తెడ్డేసేది. ఒంటి పడవ కొత్త. నువ్వు కాస్త చూసుకో."

"నేనేమన్నా పిల్లల బడి పెట్టానా?"

"పెట్టలేదు. చూసుకో."

పిల్లకి ఇరవై రెండేళ్లు. భుజాలు తలుపంత ఉన్నాయి. ఒక సంచీ, సంచీ కంటే పెద్ద జున్ను ఉండ. ఒంటి పడవ అంటే మనిషి నడుమంత వెడల్పు కూడా ఉండదు. చేతుల్లో తెడ్లు రెండూ సమంగా లేకపోతే మరుక్షణం నీళ్లలో ఉంటాం. ఎక్కింది, పడింది. మళ్లీ ఎక్కింది, పడింది. మూడోసారి తల పైకెత్తి, నోట్లో నీళ్లు ఉమ్మి, "అక్కా, ఈ నీళ్లు ఉప్పగా లేవే!" అని పకపకా నవ్వింది.

"అక్కా అనకు" అన్నాను.

అక్టోబరు 10

ఇవాళ కూడా పడింది. నాలుగైదుసార్లు. ఇంటికొచ్చి కడుపునిండా నవ్వుకున్నాను.

అక్టోబరు 24

వారం రోజులుగా పడటం లేదు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటేటప్పుడు గోళ్లు తగిలి కుడిచేతి కణుపుల తోలు లేచిపోయింది. కట్టు కట్టుకోమంటే, "రక్తం చూస్తే పడవకి భక్తి పుడుతుందక్కా" అంటుంది. అక్కా అనకు అన్నాను మళ్లీ.

నవంబరు 16

ఇవాళ జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. ఊరి చివరి వంతెన నుంచి ఔడర్‌కెర్క్ వంతెన దాకా ఒక్కొక్కరం విడిగా, గడియారంతో పోటీగా వెళ్లాలి. ముందు నేను వెళ్లాను. అక్కడ ఆగి, పడవ తిప్పుకుని, స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నాను. తర్వాత హిస్కె వచ్చింది. వంతెన దాటింది. దాటి పోతూనే ఉంది. ఎవెర్ట్ మైకులో ఏదో అరవబోతే గొంతు బొంగురుపోయి దగ్గొచ్చింది. ఆయన దగ్గు ఆగేసరికి పిల్ల మలుపు తిరిగిపోయింది.

సైకిల్ మీద ఆయన, నీటి మీద నేను, ఇద్దరం వెతుక్కుంటూ వెళ్తే చాలా దూరాన ఒక సరుకు పడవ పక్కన కట్టేసి, ఆ పడవాయనతో బ్రెడ్డూ చాక్లెట్ పలుకులూ తింటూ కనిపించింది.

"వంతెన కనబడలేదా నీకు?" అన్నాడు ఎవెర్ట్, ఊపిరందక.

"కనబడింది పెద్దాయనా. ఆగమని ఎవరూ అనలేదుగా!"

"వంతెన దగ్గర ఆగాలని చెప్పాను కదా!"

"చెప్పారు. కానీ మా పడవల్లో వెనక చుక్కాని పట్టినవాడు ఆగమంటేనే ఆగుతాం. వాడు అనేదాకా మా చేతులకి వినబడదు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఎవెర్ట్ గడియారం జేబులోంచి తీసి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎంత అని అడిగాను.

"ఫర్వాలేదు" అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మా దేశంలో పొగడ్త అంటే బూతు మాట. మామూలుగా ఉండు, అదే కావలసినంత పిచ్చి అని అందరి అమ్మలూ చెబుతారు, మా అమ్మ రోజుకి రెండుసార్లు చెప్పేది. ఎవెర్ట్ దానికి ఒక మెట్టు పైన. ఆ "ఫర్వాలేదు" నా చెవిలో ఇంకా ఉంది.

డిసెంబరు 20

నది గడ్డకట్టింది. పడవలన్నీ షెడ్డులో బోర్లా పడుకున్నాయి. పగలంతా స్కేటింగ్, సాయంత్రం షెడ్డులో బఠాణీ సూప్. చెంచా నిలబెడితే నిలబడేంత చిక్కగా ఉంది.

హిస్కె వాళ్ల సముద్రం గురించి చెప్పింది. దీవికీ ఒడ్డుకీ మధ్య ఇసుక మేటలట. వాటి నడుమ పడవ పోయే పాయలు ఇవాళ ఉన్నచోట రేపుండవట. అక్కడ ఒక కట్టుబాటు: ఎదురైన పడవవాడు గాలి ఎలా ఉంది, పాయ ఎటుంది అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పందెంలో పోటీవాడైనా సరే చెప్పాలి. అబద్ధం చెబితే మనిషి పోతాడు.

"మా నాన్నకీ పక్కింటి ఓకె గారికీ నా చిన్నప్పట్నుంచీ మాటల్లేవక్కా. గొర్రె గురించి తగువు. ఎదురుపడితే ఉమ్మేస్తారు. కానీ పాయెక్కడుందని అడిగితే ఓకె చెప్తాడు. చెప్పేసి, అప్పుడు ఉమ్మేస్తాడు."

అందరం నవ్వాం. ఇక్కడ సముద్రం లేదమ్మా అన్నాను. ఇక్కడున్నది బోస్‌బాన్. అడవి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు రెండు కిలోమీటర్ల కాలువ, అందులో ఆరు వరసలు, ఎవరి వరస వాళ్లది. పాయలెక్కడికీ పోవు.

మార్చి 11

ఇవాళ బోస్‌బాన్‌లో ఇద్దరం పక్కపక్క వరసల్లో దిగాం. గెలిచాను. బాగా ముందున్నాను.

పడవలో మేం వెనక్కి తిరిగి కూర్చుంటాం. ఎటు పోతున్నామో చూడం, ఎక్కణ్నుంచి వచ్చామో చూస్తాం. కాబట్టి ముందున్న మనిషికి వెనకబడ్డ మనిషి వీపు కనిపిస్తుంది. వెనకబడ్డ మనిషికి ఏమీ కనిపించదు. ఆరేళ్లుగా నేను వీపులు చూస్తూ బతుకుతున్నాను. అలసిపోయిన వీపు, భయపడ్డ వీపు, ఇక చాలనుకున్న వీపు, ఏదైనా ఇట్టే పోల్చుకోగలను.

హిస్కె వీపులో ఇవేవీ లేవు. అటు చూసి చూసి నేనొకచోట తెడ్డు తప్పబోయాను. రెండు భుజపుటెముకలు దగ్గరికొస్తాయి, విడిపోతాయి. మళ్లీ దగ్గరికొస్తాయి. ఆ మధ్యలో ఆమె ఏమీ చెయ్యదు. నిజంగా ఏమీ చెయ్యదు. పడవని దాని మానాన పోనిస్తుంది. నేను ఆ ఏమీ చెయ్యకపోవడాన్ని ఎనిమిదేళ్లు సాధన చేశాను, ఇంకా పూర్తిగా రాలేదు. ఈమెకి నేర్పినవాళ్లు లేరు. చేపపిల్లకి ఈతెవరు నేర్పారు?

అందంగా ఉంది. రాసేశాను, ఎవరూ చదవరు కదా.

మే 30

గెలిచాను. వీపు కొంచెం పెద్దదిగా కనిపించింది. దగ్గరగా ఉందని అర్థం. నిన్న నాకు నిద్ర చాలలేదు.

జూన్ 14

పడవ అడుగున గడ్డి తగులుకుంది. అందుకే.

జూన్ 17

గడ్డి.

జూన్ 21

ఇవాళ గడ్డి లేదు. ఇవాళ మడమ దగ్గర బూటు వదులైంది. ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని కాను నేను. బూటు నిజంగానే వదులైంది.

ఆగస్టు 2

గాలి లేని రోజున ఆమె నాకంటే వేగం. ఇదిగో, రాశాను. ఇల్లు కూలిపోలేదు.

గాలి ఉంటే మాత్రం సంగతి వేరు. బోస్‌బాన్‌లో వెయ్యి మీటర్ల స్తంభం దాటాక ఒక చెట్ల సందు ఉంది. ఏదో తుపానులో చెట్లు కూలి ఏర్పడ్డది. నైరుతి గాలి వీచినప్పుడు ఆ సందులోంచి పక్కటెముకల మీద గుద్దినట్టు కొడుతుంది. పడవ ఒరిగిపోతుంది, లయ పోతుంది, మళ్లీ పుంజుకునేసరికి పందెం అయిపోతుంది. దాన్ని దాటడం ఎలాగో నాకు తెలుసు. ఆ నీళ్లు తాగి తాగి నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు నాకు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఎవెర్ట్ ఇవాళ సైకిల్ టైర్లకి గాలి కొడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"ఆ సందు సంగతి పిల్లకి చెప్పావా?"

"తను అడగలేదు."

"ఊఁ" అన్నాడు. గాలి కొట్టుకుంటూనే ఉన్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదు. నేను అమ్మను కూడా కాదు.

సెప్టెంబరు 19

జాతీయ పోటీలు. నైరుతి గాలి. హిస్కె నాకంటే ముందుంది, సందు దగ్గరికి వచ్చేదాకా. తర్వాత చూస్తే నా కళ్లముందు ఆమె వీపు ఉంది, ఒక పక్కకి ఒరిగి, ఒక తెడ్డు ఆకాశంలో. పడవ బోల్తా పడలేదు, ఎలా పడలేదో దేవుడికే తెలుసు. సముద్రంలో పెరిగిన మనిషి గనక నిలబెట్టింది. అయినా రెండోదిగా వచ్చింది.

మెడలో పతకం వేశారు. పేపర్లో నా ఫొటో. అమ్మ ఫోన్ చేసింది.

"ఆ రెండో పిల్ల ఎవరే? బాగా తింటుందనుకుంటా."

"నేను గెలిచానమ్మా."

"అది సరేలే. ఆ పిల్లకి చలికోటు ఉందా? ఫొటోలో వణుకుతోంది."

హిస్కె నన్ను ఏమీ అడగలేదు. రేవులో నా పడవ పట్టుకుని, "ఎంత బాగా వచ్చావక్కా" అంది. చుట్టుపక్కల ఉన్నవాళ్లు వేరేవైపు చూశారు.

జనవరి 23

ఎవెర్ట్ పుట్టినరోజు. మామూలే: గోడల వారగా గుండ్రంగా కుర్చీలు, ఒక్కొక్కరికీ ఒక్కటంటే ఒక్క కేకు ముక్క, వచ్చినవాళ్లు ఎవెర్ట్‌నే కాక ఆయన భార్యనీ, తమ్ముణ్నీ, పక్కింటివాళ్లనీ కూడా అభినందించాలి, ఆయన పుట్టడంలో వాళ్లదేదో పెద్ద పాత్ర ఉన్నట్టు. తర్వాత కూర్చుని వాన గురించి మాట్లాడుకోవాలి.

వాన గురించి మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి హిస్కె, గదంతా వినబడేలా, "డ్యూకె అక్కలా తెడ్డేసేవాళ్లని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. మా దీవి వదిలేసి వచ్చింది ఆమెని టీవీలో చూసే" అంది.

ఎవెర్ట్ భార్య ట్రూస్ లేచి, "ఎవరికైనా ఇంకొంచెం కాఫీ?" అంది. అందరూ కావాలన్నారు, తాగనివాళ్లతో సహా.

నా చెవులు ఎర్రబడ్డాయి. నాలుగో స్థానమొచ్చిన ఆ పందేన్ని దీవిలో కూర్చుని ఒక పిల్ల చూసిందన్నమాట. మా సొంత అమ్మ వాతావరణం చూసింది. ఇంటికొచ్చేదాకా సైకిల్ మీద ఏడుస్తూనే ఉన్నాను. చలిగాలికి కళ్లు నీళ్లు కారతాయి, జనవరిలో అది మామూలే.

ఫిబ్రవరి 8

సందు గురించి ఇంకా అడగలేదు. ఎందుకు అడగదో నాకు అర్థం కాదు. అడగడానికి అంత మొహమాటం ఉన్న పిల్ల కాదే. బహుశా తనే కనిపెట్టుకోవాలని చూస్తోందేమో. కనిపెట్టుకోనీ. నాకు ఎన్నేళ్లు పట్టిందో తనకీ అన్నేళ్లు పట్టనీ.

అడిగితే చెప్తాను. ఎందుకు చెప్పను?

ఏప్రిల్ 27

వచ్చే నెల మూడు పందేలు, హిస్కెకీ నాకూ. మూడింట్లో రెండు గెలిచిన మనిషి ఒలింపిక్స్‌కి. ఓడిన మనిషికి జంట పడవల్లో కూడా చోటు లేదు, అవి నిండిపోయాయి.

అడిగితే ఆకాశం చూపించి, గాలి గాలే కదా అంటాను. అందులో అబద్ధం ఏముంది?

మే 12

మొదటి పందెం. నైరుతి గాలి. గెలిచాను. సందు దగ్గర మళ్లీ ఒరిగింది పాపం.

మే 13

రెండో పందెం. ఆకు కదల్లేదు. నా కళ్లముందు ఏమీ కనిపించలేదు, మొదటి నుంచి చివరిదాకా. ఖాళీ నీళ్లు.

రేపు మూడోది. కిటికీ తెరిచి ఎదురింటి డాబా మీద జెండా చూస్తున్నాను. నైరుతి గాలి. దేవుడున్నాడు.

మే 14

హిస్కె వెళ్తుంది.

మే 15

నిన్న రాయలేకపోయాను. ఇవాళ నేను పనిచేసే మందుల షాపుకి సెలవు పెట్టి కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్న రేవులో అడవి చెట్లన్నీ ఒక పక్కకి వంగి ఊగుతున్నాయి. నేను నా పడవ దింపి, బూట్లు సర్దుకుంటున్నాను. హిస్కె తన పడవ పక్కన గొంతుక్కూర్చుని ఉంది, చేతిలో పానా. నా వైపు చూసి అడిగింది.

"అక్కా, ఆ సందు దగ్గర గాలికి ఏం చేస్తావ్?"

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని ఇప్పుడు నేనే అడిగాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

"మొన్నటిదాకా నాకే తెలుస్తుందనుకున్నా. తెలీలేదు. ఇవాళ ఇంక టైం లేదుగా" అంది.

ఎవెర్ట్ పక్కనే ఉన్నాడు. బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆయన బూట్లకి లేసులుండవు.

ఆకాశం చూపించడానికి చెయ్యి ఎత్తాను. గాలి గాలే కదా అనే మాట నాలుక చివరికొచ్చింది. అప్పుడు చూశాను: ఆ పిల్ల అప్పటికే పానా తెడ్డు కొక్కేనికి తగిలించి, తిప్పడానికి సిద్ధంగా ఉంది. ఎటు తిప్పమంటే అటు తిప్పుతుంది. నేను చెప్పబోయేది అబద్ధం కావచ్చునని ఆమె బుర్రలో ఏ మూలా లేదు. నాకు ఈ ఒక్క పందెమే మిగిలిందనీ, ఓడితే నేను పడవ వదిలేస్తాననీ ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది. వాళ్ల సముద్రంలో అలాగే అడుగుతారు, అలాగే చెబుతారు. ఓకె గారు కూడా చెబుతాడు.

చెప్పాను.

"గాలి వచ్చే వైపు కొక్కెం కింద ఒక రింగు ఎక్కించు, తెడ్డు అలలకి తగలదు. వెయ్యి స్తంభం దాటాక గట్టు మీద తెల్ల బెంచీ నీ కళ్లముందుకొస్తుంది. దాన్ని చూడగానే, గాలి తగలకముందే, రెండు వేట్లు పొట్టిగా, లోతుగా వెయ్యి. అందరూ గాలి తగిలాక సర్దుకుంటారు, అప్పటికే ఆలస్యం. పడవ ముక్కు గాలివైపు తిరగాలని చూస్తుంది. గాలివైపు చెయ్యి గట్టిగా లాగు. భయమేస్తుంది. అయినా వెనక్కి వాలకు."

"రెండు వేట్లేనా?"

"రెండే. మూడోది వేశావంటే ఆగిపోతావ్."

రింగు ఎక్కించి, పానా ఎవెర్ట్ చేతిలో పెట్టి, పడవ ఎక్కింది. ఎవెర్ట్ నా వంక చూశాడు. ఒక్క మాట అని ఉంటే పానా లాక్కుని నెత్తి మీద వేసేదాన్నే.

పందెం. మొదట నేను ముందున్నాను. ఆమె వీపు కనిపిస్తోంది, ఎప్పటిలాగే. తర్వాత ఆమె పడవ కొస నా పక్కకి వచ్చింది, ఆమె భుజం నా పక్కకి వచ్చింది, ఒక్క నిమిషం ఇద్దరి ఊపిరీ కలిసి వినబడింది, ఆ తర్వాత ఆమె నా వెనకవైపుకి, అంటే నాకంటే ముందుకి, వెళ్లిపోయింది. ఇక కనబడదు. మిగిలింది నీళ్లే.

కానీ నీళ్లు ఖాళీగా లేవు. మొన్న నేను కళ్లు మూసుకున్నంత పని చేశాను, చూడలేదు. నిన్న చూశాను. పక్క వరసలో ఆమె తెడ్లు వదిలిన సుడులు ఒక్కొక్క జతగా నా కళ్లముందుకి వచ్చాయి. బొంగరాల్లా తిరుగుతున్నాయి. జతకీ జతకీ మధ్య దూరం ఒక్క జానెడు తేడా లేదు. నా వరసలో నా సుడులూ ఉన్నాయి. వాటి మధ్య దూరం కంటే ఆమె దూరం ఎక్కువ. ఆమె ఒక్కో వేటుకీ నాకంటే ఎక్కువ నీరు దాటుతోంది, అంతే సంగతి, అందులో గడ్డి లేదు, బూటు లేదు.

తెల్ల బెంచీ వచ్చింది. నేను నా రెండు వేట్లు వేశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. గాలి గుద్దింది, పడవ చలించలేదు. అప్పుడు పక్క వరస చూశాను, ఇక్కడ ఒరిగి ఉంటుందనీ, ఇక్కడ సుడులు చెదిరి ఉంటాయనీ. మనసులో ఆశ లేదంటే అబద్ధం.

రెండు జతలు. పొట్టిగా, దగ్గరదగ్గరగా, లోతుగా. వాటి నడుమ నీళ్లు నల్లగా తిరుగుతున్నాయి. వాటి తర్వాత మళ్లీ పెద్ద దూరం, మళ్లీ అదే దూరం, అదే దూరం. ఈదురుగాలిలో, అలల మీద. నేను ఏళ్ల తరబడి బోల్తాలు పడి నేర్చుకున్నది ఆ పిల్ల ఒకసారి విని చేసింది. నాకంటే బాగా చేసింది.

ఓడిపోతున్నాను, నా జీవితం చేజారిపోతోంది, నేనేమో పక్క వరస వంక నోరు తెరుచుకుని చూస్తున్నాను. గుడికెళ్లే అలవాటున్న మనిషిని కాను. దేవుడెదురైతే మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలీదు. బహుశా ఇలాగే ఉంటుంది, కోపమూ ఆనందమూ విడివిడిగా తెలియకుండా. చివరిదాకా తెడ్డు ఆపలేదు. గడియారం ప్రకారం బోస్‌బాన్‌లో నేను తెచ్చిన అన్ని టైముల్లోకీ అదే మంచిది. దానితో రెండోదాన్నయ్యాను.

రేవులో ఆమె ముందే దిగి, నా పడవ పట్టుకోవడానికి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మొహమంతా నీళ్లు.

"సందు దగ్గర సరిగ్గా చేశానా అక్కా?"

"నువ్వు నాకు కనబడలేదు. ముందున్నావు."

కదల్లేదు. అది జవాబు కాదని ఆమెకి తెలుసు. గాలి గురించి అడిగితే ఉన్నది చెప్పాలి.

"నీ సుడులు చూశాను" అన్నాను. "నాకు ఎప్పుడూ అలా రాలేదు."

"హమ్మయ్య" అంది. ఎంత తేలిగ్గా అందో! పడవ తుడవడానికి గుడ్డ తీసుకుంటూ, "సుడులు చూస్తే సగమేగా తెలిసేది. రేపట్నుంచి నువ్వు సైకిలెక్కక్కా. గట్టు మీంచి చూసి చెప్పు. పెద్దాయనకి మోకాళ్లు పోయాయి, నా వెంట రాలేకపోతున్నాడు" అంది.

ఎవెర్ట్ దగ్గాడు.

నేను షెడ్డులోకి వెళ్లి పడవల మధ్య కూర్చుని ఏడ్చాను. గాలికి కాదు. ఎంతసేపో తెలీదు. ఇన్నేళ్లు నాది అనుకున్న పీట ఒక్క పొద్దుటితో వేరేవాళ్లదయింది, ఆ పీట ఖాళీ చెయ్యడానికి దారి నేనే చెప్పాను, చెప్పినందుకు బాధ పడదామని చూస్తే పడలేకపోతున్నాను. ట్రూస్ వచ్చి పక్కన కూర్చుని, చేతిలో కాఫీ పెట్టింది. "చల్లారిపోతుంది" అంది. మా వాళ్లకి అంతకంటే ఓదార్పు తెలీదు. తాగాను.

మే 16

సైకిలెక్కే ప్రసక్తే లేదు. నేను పందెగత్తెని. ముసలాయన మైకు మెడలో వేసుకుని గట్టు మీద అరుస్తూ తిరగడానికి పుట్టలేదు. ఎవెర్ట్‌కి ఫోన్ చేసి అదే చెప్పాను.

"సరే" అన్నాడు. "రేపు ఏడింటికి. గడియారం నా దగ్గరుంది."

"రానని చెప్తున్నా, మీకు వినబడటం లేదా?"

"వినబడింది. చలిగా ఉంటుంది, చేతులకి తొడుగులు తెచ్చుకో."

మే 17

వెళ్లాను. తొడుగుల సంగతి ఎలాగూ చెప్పాడు కదా అని.

పొద్దు అప్పటికే పైకొచ్చింది. ఎవెర్ట్ గడియారం నా చేతిలో పెట్టి, తను రేవులో కుర్చీ వేసుకున్నాడు. హిస్కె నదిలోకి దిగింది. నేను గట్టున సైకిల్ మీద పక్కనే వెళ్లాను.

ఇన్నాళ్లూ ఆమె వీపు చూశాను, ఆమె సుడులు చూశాను. తెడ్డు వేసేటప్పుడు ఆమె మొహం ఇవాళే చూశాను. పళ్లు బిగబట్టి ఉంటుందనుకున్నాను, మా అందరిలా. లేదు. పక్కగదిలో ఎవరో చిన్నగా మాట్లాడుతుంటే వింటున్న మనిషిలా ఉంది. తెడ్లు దిగాయి, పడవ కదిలింది, ఆవులు తలలెత్తాయి, బాతులు తప్పుకున్నాయి. ఒక్క చుక్క నీరు చిందలేదు. నేను పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ పని ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. నేను దేనికి ఓడిపోయానో తెలిసింది. దీనికి ఎవరైనా ఓడిపోతారు, కానీ అంత దగ్గరగా ఓడిపోయింది నేనొక్కదాన్నే.

ఔడర్‌కెర్క్ వంతెన దాటింది. ఆగలేదు. నేనూ ఆగమనలేదు. ఇద్దరం చాలా దూరం పోయాం.

తిరిగొచ్చేసరికి ఎవెర్ట్ కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"వంతెన దగ్గర టైమెంత?"

గడియారం చూసుకున్నాను. అసలు నొక్కనే లేదు.

"తెలీదు."

"తెలీదా? పొద్దుట్నుంచి అక్కడ మరేం చేశావ్?"

"చూశాను" అన్నాను.